ముగ్గురాయి పొడి నీళ్ళలో కరగదు కదా, పర్యావరణ ప్రమాదం లేదని రాసేయవచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మంగంపేట దగ్గర ముగ్గురాయి (బెరైట్, అంటే బేరియం సల్ఫేట్ ఖనిజం) పొడి కొట్టే మిల్లులో క్వాలిటీ చూస్తున్నాను. యూరప్ కొనుగోలుదారు ఎస్‌డీఎస్ (సరుకు భద్రతా సమాచార పత్రం) అడిగాడు. అందులో 12వ విభాగం, అంటే పర్యావరణ సమాచారం, కారణాలతో సహా నింపి పంపమన్నాడు. బేరియం భారలోహం కాబట్టి ప్రమాదకరం అని రాయాలని ఒకరు అంటున్నారు. అసలు కరగనిదానికి ప్రమాదమేంటి, ఏమీ లేదని రాసెయ్ అని ఇంకొకరు అంటున్నారు. ఒక ల్యాబ్‌లో లీటరుకు 100 మిల్లీగ్రాముల పొడి కలిపి డాఫ్నియా (రొయ్య జాతికి చెందిన చిన్న నీటి ప్రాణి) పరీక్ష చేయిస్తే ఒక్కటీ చావలేదని సర్టిఫికెట్ ఇచ్చారు. ఇది చాలా?"

ముందు జవాబు చెప్పేస్తాను. శుభ్రమైన ముగ్గురాయి పొడికి నీటి ప్రాణుల విషయంలో ఏ ప్రమాద వర్గమూ పడదు. అయితే మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ చెప్పిన కారణాలు రెండూ తప్పే. ఆ సర్టిఫికెట్ కూడా దీన్ని నిరూపించదు. కారణం సరిగ్గా రాయకపోతే కొనుగోలుదారు తరఫున కూర్చున్న టాక్సికాలజిస్టు మీ పత్రాన్ని మొదటి చూపులోనే తిప్పి పంపుతాడు. మీరు మళ్ళీ ఇంకో ల్యాబ్‌కు ఇంకో బిల్లు కడతారు.

"కరగదు" అన్న మాటతో మొదలుపెడదాం. లోహ సమ్మేళనాల దగ్గర ఈ ఒక్క మాటతో ఏమీ తేలదు. ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలో ద్రావణీయతా లబ్ధాల (ఉప్పు నీటిలో ఎంత కరుగుతుందో చెప్పే అంకెల) పట్టిక తీయండి. బేరియం సల్ఫేట్‌కు 1.1 × 10⁻¹⁰. సిల్వర్ క్లోరైడ్‌కు 1.8 × 10⁻¹⁰. ఇంచుమించు ఒకటే. స్వచ్ఛమైన నీటిలో బేరియం సల్ఫేట్‌ను ఇక కరగనంతవరకూ కరిగిస్తే లీటరులో 1.4 మిల్లీగ్రాముల బేరియం ఉంటుంది. సిల్వర్ క్లోరైడ్‌ను అలాగే కరిగిస్తే లీటరులో 1.4 మిల్లీగ్రాముల వెండి ఉంటుంది. అంకె కూడా అదే. ఇప్పుడు రెండింటిలోనూ డాఫ్నియాలను వదలండి. వెండి అయాన్ లీటరుకు ఒక మైక్రోగ్రాము చుట్టుపక్కల ఉంటేనే వాటిలో సగం చస్తాయి. బేరియం విషయంలో 1972లో బీసింగర్, క్రిస్టెన్సెన్ అనే అమెరికన్ పరిశోధకులు కొలిచినప్పుడు, 48 గంటల్లో సగం చావడానికి లీటరుకు 14.5 మిల్లీగ్రాములు కావలసి వచ్చింది. పదివేల రెట్లకు పైగా తేడా. కరిగే గుణంలో కవలల్లా ఉన్న రెండు పొడుల్లో ఒకటి నీటి ప్రాణులకు పరమ విషం, రెండోది దాదాపు ఏమీ చేయదు. (వెండి, క్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటిలో వేరే రూపాల్లోకి మారి విషం తగ్గుతుందన్నది వేరే కథ.)

మీ పొడిలాగే తెల్లగా ఉండి, "నీటిలో కరగదు" అనే పేరు మోసే జింక్ ఆక్సైడ్‌ను చూడండి. టైర్ల ఫ్యాక్టరీ నుంచి ఆయింట్‌మెంట్ దాకా అంతటా ఉంటుంది. అది నీటిలో కరిగేది లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. కానీ నాచుకు లీటరుకు 0.136 మిల్లీగ్రాముల జింకు చాలు, పెరుగుదల సగానికి పడిపోతుంది. జింక్ ఆక్సైడ్ బరువులో 80 శాతం జింకే కాబట్టి, ఆ అంకెను ఆక్సైడ్‌లోకి మారిస్తే 0.17 మిల్లీగ్రాములు. జీహెచ్ఎస్ (రసాయనాల ప్రమాదాన్ని వర్గాలుగా విడదీసే అంతర్జాతీయ పద్ధతి)లో తక్షణ ప్రమాదానికి అత్యంత తీవ్ర వర్గం గీత 1 మిల్లీగ్రాము దగ్గర ఉంది. 0.17 దానికి బాగా కింద. అందుకే జింక్ ఆక్సైడ్ డ్రమ్ముల మీద చచ్చిన చేప, ఎండిన చెట్టు బొమ్మ ఉంటుంది. ఓడలో యూఎన్ 3077 నంబరు మీద 9వ తరగతి ప్రమాదకర సరుకుగా పోతుంది. మన తోటల్లో కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్ కూడా ఇలాంటిదే. ఆ మందు పనిచేసేదే కొంచెం కొంచెంగా కరుగుతూ ఉండటం మీద.

రెండో సలహాదారు మాట అలా పోయింది. మొదటాయన మాటకు, అంటే "బేరియం కాబట్టి ప్రమాదమే" అన్నదానికి, యూరప్ చట్టమే జవాబు చెప్పింది. వాళ్ళ సీఎల్‌పీ (రసాయనాల వర్గీకరణ, లేబుళ్ళ) నిబంధనల ఆరో అనుబంధంలో బేరియం లవణాలన్నిటికీ కలిపి ఒక నమోదు ఉంది: మింగితే హానికరం, పీలిస్తే హానికరం అని. ఆ నమోదు పేరులోనే "బేరియం సల్ఫేట్ మినహా" అని ఉంది. బేరియం కార్బొనేట్ కూడా నీటిలో సరిగ్గా కరగదు, కానీ కడుపులోని ఆమ్లంలో కరిగిపోతుంది. అందుకే ఒకప్పుడు దాన్ని ఎలుకల మందుగా వాడారు. సల్ఫేట్ కడుపులో కూడా కరగదు. అందుకే కడుపు ఎక్స్‌రేకు ముందు గ్లాసుడు తాగిస్తారు. ఇదంతా మనుషుల ఆరోగ్యం సంగతి, 12వ విభాగం సంగతి కాదు. కానీ లోహం పేరు చూసి తీర్పు చెప్పేవాళ్ళకు చూపించడానికి పనికొస్తుంది.

అసలు పద్ధతికి వద్దాం. సరిగ్గా కరగని లోహ సమ్మేళనాల కోసం ఓఈసీడీ (పరీక్షా పద్ధతులు కూడా ఖరారు చేసే దేశాల కూటమి) 2001లో 29వ నంబరు మార్గదర్శక పత్రం ఇచ్చింది. దాన్నే జీహెచ్ఎస్ పదో అనుబంధంగా పెట్టుకున్నారు. సారం చాలా సులువు. పొడిని జీవుల మీద పరీక్షించవద్దు. పొడి నుంచి నీటిలోకి ఎంత లోహం వస్తుందో ఒక పరీక్షలో కొలవండి. ఆ లోహపు అయాన్ ఎంత విషమో, బాగా కరిగే లవణంతో చేసిన పరీక్షల నుంచి తీసుకోండి. రెండు అంకెలనూ పోల్చండి.

మొదటి భాగాన్ని ఆ రంగంలో టీడీ పరీక్ష (ట్రాన్స్‌ఫర్మేషన్/డిసొల్యూషన్, అంటే మారడం, కరగడం కొలిచే పరీక్ష) అంటారు. ముందు వడపోతలాంటి పరీక్ష ఒకటి ఉంటుంది: లీటరుకు 100 మిల్లీగ్రాములు వేసి, 24 గంటలు ఊపి, కరిగిన లోహాన్ని కొలవడం. పూర్తి పరీక్షలో లీటరుకు 1, 10, 100 మిల్లీగ్రాముల మోతాదులు 7 రోజులు నడుస్తాయి. దీర్ఘకాలిక ప్రమాదం తేల్చడానికి 1 మిల్లీగ్రాము మోతాదును 28 రోజులదాకా లాగుతారు. పొడి మీరు అమ్మేవాటిలో అన్నిటికన్నా మెత్తటిదై ఉండాలి. నీటి పీహెచ్‌ను 6 నుంచి 8.5 మధ్యలో, ఆ లోహం ఎక్కడ ఎక్కువ కరుగుతుందో అక్కడ పెట్టాలి. నమూనాను 0.2 మైక్రాన్ల ఫిల్టర్ గుండా తీసి కొలవాలి. ఈ ఫిల్టర్ దగ్గర అశ్రద్ధ చేస్తే మెత్తటి పొడి జారిపోయి, కరగనిది కూడా కరిగిన లెక్కలో పడుతుంది. మీ పొడిలో చాలా సన్నటి రేణువులు కూడా ఉంటాయి కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం.

కానీ మీకు ఈ పరీక్ష అవసరం లేదని నా అభిప్రాయం. కాగితం మీద లెక్కే తేల్చేస్తుంది. బేరియం సల్ఫేట్‌లో బేరియం వాటా 58.8 శాతం. 1 మిల్లీగ్రాము మోతాదు మొత్తం కరిగిపోయిందనుకోండి. స్వచ్ఛమైన నీటిలో అది సాధ్యమే, ఎందుకంటే లీటరుకు 2.4 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. అప్పుడు వచ్చే బేరియం 0.59 మిల్లీగ్రాములు. అదే 1972 పనిలో మూడు వారాల పరీక్షలో డాఫ్నియా సంతానం 16 శాతం తగ్గడానికి 5.8 మిల్లీగ్రాములు పట్టింది. పది రెట్ల ఎడం. 100 మిల్లీగ్రాముల మోతాదు వేసినా నీరు 1.4 మిల్లీగ్రాముల బేరియం దగ్గర ఆగిపోతుంది. తక్షణ విషం 14.5 దగ్గర. ఇక్కడా పది రెట్ల ఎడం. మోతాదు ఎంత పెంచినా కరిగేది పెరగదు కాబట్టి ఈ ఎడం తగ్గదు.

ఒక్క మెలిక ఉంది, చదివిన టాక్సికాలజిస్టు అయితే తప్పకుండా పట్టుకుంటాడు. లీటరుకు 14.5 మిల్లీగ్రాముల బేరియం నిజంగా కరిగి ఉండాలంటే ఆ నీటిలో సల్ఫేట్ లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించకూడదు. ప్రకృతిలో మామూలుగా దొరికే నీటిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అంటే ఆ పాత పరీక్షల్లో కలిపిన బేరియంలో కొంత సల్ఫేట్‌గా అడుగుకు చేరి ఉండవచ్చు, అయాన్ అసలు విషం ఆ అంకె చెప్పినదానికంటే కొంత ఎక్కువ కావచ్చు. పాత పత్రాల్లో ఏ లోహపు అంకె చూసినా, అది నీటిలో వేసినంతా లేక వడపోసి కొలిచినంతా అని ముందు చూడండి. బేరియం దగ్గర ఈ అనుమానం మన తీర్పును మార్చదు. పది రెట్ల ఎడం అందుకే పనికొస్తుంది. పైగా పరీక్షలో అయాన్‌ను కిందికి లాగిన ఆ సల్ఫేటే వాగులోనూ, చెరువులోనూ దాన్ని కిందికి లాగుతుంది.

ఇప్పుడు మీ సర్టిఫికెట్ సంగతి. డాఫ్నియా పరీక్షకు మామూలుగా వాడే నీటిలో లీటరుకు 123 మిల్లీగ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ లవణం కలుపుతారు, స్ఫటిక నీటితో కలిపి చెప్పే బరువు అది. సల్ఫేట్‌గా చూస్తే 48 మిల్లీగ్రాములు. ఉమ్మడి అయాన్ ప్రభావం (నీటిలో ముందే ఉన్న సల్ఫేట్ బేరియం సల్ఫేట్‌ను కరగనివ్వకపోవడం) వేసి లెక్క కట్టండి: ఆ నీటిలో కరగగల బేరియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మాత్రమే. స్వచ్ఛమైన నీటిలో కరిగేదానిలో సుమారు యాభయ్యో వంతు. నాచు పరీక్ష నీటిలో అదే లవణం 15 మిల్లీగ్రాములే ఉంటుంది కాబట్టి 250 మైక్రోగ్రాముల చుట్టుపక్కల కరుగుతుంది. అంటే ల్యాబ్ సీసాలో వేసిన 100 మిల్లీగ్రాముల్లో దాదాపు అంతా అడుగున పడి ఉంది. డాఫ్నియాలు దాని పైన ఈదుతూ గడిపాయి. అవి చావకపోవడం మీ పొడి గురించి చెప్పిందేమీ లేదు, ఆ నీటి గురించి చెప్పింది.

తిరగబడిన ఫలితం కూడా ఇంతే పనికిరానిది. మెత్తటి పొడిని బాగా ఊపి పెడితే డాఫ్నియా దాన్ని వడపోసి మింగుతుంది, కాళ్ళకు అంటించుకుంటుంది, బరువుకు మునుగుతుంది. నాచుకైతే వెలుతురు అందదు. అప్పుడు చచ్చినా అది విషం కాదు, మురికి. "100 మిల్లీగ్రాముల దగ్గర ప్రభావం లేదు" అనే ఒక్క వాక్యం రాసి, కరిగిన లోహం ఎంతో కొలవకుండా ఇచ్చే సర్టిఫికెట్లు ఈ రంగంలో బోలెడు తిరుగుతున్నాయి. డబ్బు తీసుకునే ముందు ఒక్కరైనా ఈ మాట చెప్పరు. ఏ ల్యాబ్‌నైనా అడగవలసిన మొదటి ప్రశ్న: "వడపోసిన నీటిలో లోహం ఎంత ఉందో నివేదికలో ఇస్తారా?"

కాగితం మీద లెక్క మీకు చాలింది కదా అని అన్ని పొడులకూ అదే వాడకండి. సల్ఫేట్ పీహెచ్‌ను పెద్దగా పట్టించుకోదు, అందుకే మీ పని సులువైంది. ఆక్సైడ్లు, కార్బొనేట్లు అలా కాదు. పీహెచ్ 8 నుంచి 6కు దిగితే జింక్ ఆక్సైడ్ కరిగేది ఎన్నో రెట్లు పెరుగుతుంది. అదే సమయంలో జింకు విషం పీహెచ్‌తో మారుతుంది కూడా. తక్కువ పీహెచ్‌లో జీవులు కొంత ఎక్కువ జింకును తట్టుకుంటాయి. కాబట్టి కరిగిన అంకె, విషం అంకె రెండూ ఒకే పీహెచ్ దగ్గరివి తీసుకోవాలి. ఒకటి 6 దగ్గరిది, ఇంకొకటి 8 దగ్గరిది తెచ్చి జోడించిన నివేదికలు లేకపోలేదు.

అన్నిటికన్నా మోసం చేసేవి సల్ఫైడ్లు. అగ్నిగుండాల దగ్గర బండ్లమొట్టులో ఒకప్పుడు తవ్విన సీసపు రాయి లెడ్ సల్ఫైడే. దాని ద్రావణీయతా లబ్ధం ఎంత చిన్నదంటే, లెక్క కడితే లీటరు నీటిలో ఏమీ లేదనే వస్తుంది. కానీ గాలి తగిలితే సల్ఫైడ్ మెల్లగా సల్ఫేట్‌గా మారుతుంది, లెడ్ సల్ఫేట్ లీటరుకు 40 మిల్లీగ్రాముల పైచిలుకు కరుగుతుంది. లబ్ధం లెక్క పొడి మారకుండా ఉంటుందని నమ్ముతుంది. సల్ఫైడ్ మారుతుంది. 28 రోజుల పరీక్ష ఇలాంటివాటి దగ్గర మరీ అవసరం.

ముగ్గురాయి కూడా ఎక్కడా మారదని కాదు. దాన్ని పట్టి ఉంచేది చుట్టూ ఉన్న సల్ఫేట్. గాలి అందని బురదలో, కుళ్ళే పదార్థం ఎక్కువగా ఉన్నచోట, బాక్టీరియా సల్ఫేట్‌ను వాడేసుకుని సల్ఫైడ్‌గా మారుస్తాయి. సల్ఫేట్ అయిపోతే బేరియం విడుదలవుతుంది. చమురు బావులు తవ్వేటప్పుడు వాడిన ముగ్గురాయి బురద పోసే గుంటల్లో, లోతైన భూగర్భ జలాల్లో దీన్ని చూస్తారు. మన తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, బేరియానికి 0.7 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ముగ్గురాయితో సంతృప్తమైన స్వచ్ఛమైన నీటిలో 1.4 ఉంటుందని పైన చూశాం, అంటే హద్దుకు రెట్టింపు. నీటిలో సల్ఫేట్ లీటరుకు 2 మిల్లీగ్రాములుంటే చాలు, బేరియం 0.7కు దిగిపోతుంది. మామూలు బావి నీటిలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి గని పక్క ఊళ్ళలో బావినీరు పరీక్ష చేయిస్తే బేరియం ఒక్కటే కాదు, సల్ఫేట్ కూడా కొలిపించండి. బేరియం పెరిగి సల్ఫేట్ మాయమైతే అక్కడ బురద పని జరుగుతోందని అర్థం. ఇది ఎస్‌డీఎస్‌లో వర్గం మార్చే విషయం కాదు. వర్గం పదార్థం స్వభావానికి పడుతుంది, ప్రమాదం స్థలాన్ని బట్టి ఉంటుంది. రెండింటినీ ఒకే గడిలో కలిపి రాయకండి.

మీ కొనుగోలుదారు నిజంగా భయపడేది బేరియం గురించి కాకపోవచ్చు. గనిలోంచి వచ్చిన రాయి ల్యాబ్ సీసాలోని బేరియం సల్ఫేట్ కాదు. దానితో పాటు పైరైటు, సీసం, కాడ్మియం, పాదరసం కొద్ది కొద్దిగా రావచ్చు. సముద్రంలో చమురు బావులు తవ్వేవాళ్ళు వాడే ముగ్గురాయికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కిలోకు పాదరసం 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆ హద్దు దగ్గరి పొడిని లీటరుకు 100 మిల్లీగ్రాములు వేస్తే, కాడ్మియం మొత్తం బయటికొచ్చినా 0.3 మైక్రోగ్రాములే. చిన్న అంకెలా ఉంది. కానీ యూరప్‌లో మంచినీటికి కాడ్మియం వార్షిక సగటు హద్దు, నీటి కాఠిన్యాన్ని బట్టి, 0.08 నుంచి 0.25 మైక్రోగ్రాములు. వర్గీకరణకు కిలోకు 3 మిల్లీగ్రాములు లెక్కలోకే రాదు, ఎందుకంటే అది 0.0003 శాతం, మిశ్రమాల్లో తీవ్ర వర్గం పదార్థాలను సాధారణంగా 0.1 శాతం నుంచి లెక్కిస్తారు. అయినా కొనుగోలుదారు సరుకు ఎక్కడ పారబోస్తాడో, అక్కడి అధికారికి జవాబు చెప్పవలసింది అతనే. సీసం మాత్రం శ్రద్ధగా చూడండి. రాతిలో సీసపు ఖనిజం చారలుగా కలిసిన లాట్లు ఉంటే వాటికి లెక్క కట్టి చూపించాలి.

సముద్రం సంగతి కూడా అడుగుతారు. సముద్రపు నీటిలో సల్ఫేట్ లీటరుకు 2.7 గ్రాములు ఉంటుంది. ఉప్పు వల్ల సాదా లెక్క అక్కడ సరిగ్గా కుదరదు కానీ, కరిగే బేరియం కొన్ని పదుల మైక్రోగ్రాములకు మించదు. అక్కడ ముగ్గురాయి చేసే హాని రసాయనిక విషం కాదు. పొడి అడుగున పరుచుకుని అక్కడ బతికే జీవులను కప్పేస్తుంది. దీన్ని ఇతర దుష్ప్రభావాల గడిలో ఒక్క వాక్యంగా రాయండి, దాచవద్దు. రాసినవాడి మీద నమ్మకం పెరుగుతుంది.

ఇక నింపడం. విషప్రభావం గడిలో పైన చెప్పిన పోలిక రాయండి: గరిష్ఠంగా కరిగే బేరియం ఎంత, బేరియం అయాన్ తక్షణ, దీర్ఘకాలిక విషం ఎంత, కాబట్టి వర్గం లేదు. కుళ్ళే గుణం గడిలో "అకర్బన పదార్థానికి వర్తించదు" అని రాస్తే చాలు. అక్కడ "సులభంగా విచ్ఛిన్నం కాదు" అని రాస్తే చదివేవాళ్ళకు అది నేరంలా కనిపిస్తుంది. జీవుల్లో పేరుకునే గుణం గడిలో సేంద్రియ పదార్థాల సూత్రాలు వాడకండి. జీవి ఒంట్లోని గాఢతకూ నీటిలోని గాఢతకూ ఉన్న నిష్పత్తి లోహాలకు నీటిలో గాఢత తగ్గేకొద్దీ పెరుగుతుంది, అంటే శుభ్రమైన నీటిలోనే పెద్ద అంకె వస్తుంది, దానికి అర్థం లేదు. పీబీటీ (విచ్ఛిన్నం కాక నిలిచి, జీవుల్లో పేరుకునే విషపదార్థం) గడిలోనూ వర్తించదనే, ఆ ప్రమాణాలు అకర్బన పదార్థాలకు పెట్టలేదు. తవ్వి పొడి కొట్టడం రసాయనికంగా మార్చడం కాదు కాబట్టి రీచ్ (రసాయనాల రిజిస్ట్రేషన్‌కు యూరప్ పెట్టిన) చట్టం ఐదో అనుబంధం కింద సహజ ఖనిజానికి రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది. దాన్ని చూపించి "మాకు ఏదీ వర్తించదు" అని రాసేవాళ్ళున్నారు. ఆ మినహాయింపు రిజిస్ట్రేషన్‌కే, వర్గీకరించే బాధ్యతకు కాదు.

పాత సర్టిఫికెట్‌ను జత చేయకండి. దాని బదులు మీ మెత్తటి గ్రేడు లాట్ల నుంచి సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ విశ్లేషణ చేయించి పెట్టండి. గనిలో వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన రాయికి వేర్వేరుగా చేయించండి, అన్నీ కలిపిన సగటు ఇవ్వకండి. ఫలితాల్లో ఏదైనా లాట్‌లో సీసం పైకి కనిపిస్తే ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, మిశ్రమం లెక్క ఎలా వేయాలో చూద్దాం.